'గుడ్‌విల్' ఆస్తియేనా? – అద్దె సంస్థల పద్దులపై ఒక విమర్శ

విశాఖపట్నాన్ని రేవు నగరమనీ, ఉక్కు నగరమనీ పిలవడం వాడుక. అద్దెల నగరమన్నా తప్పు కాదు. 1933లో ప్రారంభమైన రేవు చుట్టూ, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం చుట్టూ సాగే పనిలో చాలా భాగం అద్దె యంత్రాలతోనే జరుగుతున్నది. క్రేను ఒకరిది, దానితో బరువు ఎత్తించుకొనేవారు మరొకరు. లారీ ఒకరిది, సరుకు వేరొకరిది. గాజువాక ప్రాంతంలో ఒకటి రెండు యంత్రాలతో మొదలై, అన్నదమ్ముల శ్రమతో పెరిగిన భాగస్వామ్య సంస్థలు ఎన్నో ఉన్నాయి. రేవు సయితం ఇదే దారి పట్టింది. భూమినీ, బెర్తులనూ ఏళ్ల లెక్కన ప్రైవేటు సంస్థలకు అప్పగించి ప్రతిఫలం పొందే పద్ధతి అక్కడ స్థిరపడింది. కంటైనర్ టెర్మినల్ 2003 నుండి ఆ విధంగానే నడుస్తున్నది.

ఇట్టి సంస్థల ఆస్తి అప్పుల పట్టీలో యంత్రాలు కనిపిస్తాయి, రావలసిన బాకీలు కనిపిస్తాయి. సంస్థకు గల మంచిపేరు మాత్రం కనిపించదు. అయితే అదే సంస్థను రేపు మరొకరు కొన్నట్లయితే, కొన్నవారి పద్దులో ఆ పేరు 'గుడ్‌విల్' అనే శీర్షిక క్రింద లక్షలలోనో కోట్లలోనో ప్రత్యక్షమవుతుంది. నిన్నటి వరకు లేని ఆస్తి అమ్మకం నాడు ఎక్కడి నుండి ఊడిపడింది? ఈ ప్రశ్న గణకులకు మాత్రమే సంబంధించినది కాదు. భాగస్వామి మరణించిన నాడు అతని భార్యాబిడ్డలకు దక్కవలసిన హక్కు దీని మీదనే ఆధారపడి ఉన్నది. కాబట్టి షరీఅత్ దృష్టితో దీనిని పరిశీలించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

లెక్కల శాస్త్రం ఏమంటున్నది?

పాత గిరాకీదారులు పాత చోటికే మళ్లీ వస్తారన్న సంభావ్యతయే గుడ్‌విల్ అన్న భావన ఆంగ్ల న్యాయస్థానాలలో 1810లో లార్డ్ ఎల్డన్ తీర్పు ద్వారా ప్రసిద్ధమైనది. భారతదేశంలో 1932 నాటి భాగస్వామ్య చట్టం 14వ సెక్షన్ సంస్థ ఆస్తిలో గుడ్‌విల్‌ను చేర్చింది. సంస్థ రద్దయినప్పుడు లెక్కలు తేల్చేటప్పుడు దానిని ఆస్తులలో కలపవలెనని 55వ సెక్షన్ పేర్కొన్నది.

గణక ప్రమాణాలు మరొక మార్గాన్ని అనుసరిస్తాయి. 2002లో వెలువడిన ఏ.ఎస్. 26 గానీ, పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏ.ఎస్. 38 గానీ సంస్థ తనంతట తాను సంపాదించుకొన్న గుడ్‌విల్‌ను ఆస్తిగా వ్రాయరాదని నిషేధించాయి. దాని ఖరీదును నమ్మదగిన విధంగా కొలవలేమన్నది ఇందుకు కారణం. ఒక వ్యాపారాన్ని మరొకరు కొన్నప్పుడు మాత్రం, ఇండ్ ఏ.ఎస్. 103 ప్రకారం, గుర్తించదగిన ఆస్తులన్నింటికీ విడివిడిగా ధర కట్టి, అప్పులు తీసివేసి, ఆ నికర విలువకు మించి చెల్లించిన సొమ్మును గుడ్‌విల్‌గా వ్రాస్తారు. అంటే అది విడిగా కొలిచి కనుగొన్నది కాదు, తీసివేతలో మిగిలిన శేషం.

ఇక పన్నుల చట్టం సంగతి. బెంగళూరుకు చెందిన ఒక అగరుబత్తుల సంస్థ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1981లో తీర్పు చెబుతూ, స్వయంగా ఏర్పడిన గుడ్‌విల్‌కు కొన్న ఖరీదు లేదు గనుక దాని అమ్మకంపై మూలధన లాభపు పన్ను లెక్కించడానికి వీలులేదన్నది. 1987లో చట్టాన్ని సవరించి ఆ ఖరీదును సున్నాగా భావించారు. కొన్న గుడ్‌విల్‌పై తరుగుదల కోరవచ్చునని 2012లో సుప్రీంకోర్టు అన్నది. 2021 ఫైనాన్స్ చట్టం ఆ సౌకర్యాన్ని తొలగించింది. నలభై ఏళ్లలో ఇన్ని మలుపులు తిరిగినది పన్ను రాబడి నిమిత్తమే. భాగస్వాముల నడుమ, వారసుల నడుమ న్యాయం తేల్చడానికి ఈ నియమాలు పుట్టలేదు. అందుకై వాటిని తూకపురాయిగా వాడడమే మొదటి పొరపాటు.

అద్దె సంస్థ ప్రత్యేకత

లార్డ్ ఎల్డన్ చెప్పిన పాత చోటు అద్దె సంస్థకు లేదు. గిరాకీదారు దుకాణానికి రాడు. క్రేనే అతని పని జరిగే చోటికి పోతుంది. పని ముగియగానే వస్తువు సొంతదారుని వద్దకు తిరిగి వస్తుంది. అమ్ముడుపోయినది దాని ఉపయోగం మాత్రమే. ఫిఖ్హ్ పరిభాషలో దీనిని 'మన్‌ఫఅత్' అంటారు. మరి ఆ గిరాకీదారు మళ్లీ అదే సంస్థను ఎందుకు పిలుస్తాడు? చెప్పిన వేళకు యంత్రం వచ్చింది, నడుమ ఆగలేదు, ఆపరేటరు నేర్పరి, చట్టం ప్రకారం బరువులెత్తే యంత్రాలకు జరగవలసిన తనిఖీ సక్రమంగా జరిగింది – ఇవి కారణాలు. అద్దె సంస్థ మంచిపేరులో యజమాని నిజాయితీతో పాటు మెకానిక్ శ్రద్ధ, ఆపరేటరు జాగ్రత్త కలిసి ఉన్నాయి.

గుడ్‌విల్ అనే ఒకే మాట క్రింద మూడు వేర్వేరు సంగతులు ఇమిడి ఉన్నవని దీనిని బట్టి గ్రహించవచ్చును. మొదటిది చేతిలో ఉన్న ఒప్పందం. ఉదాహరణకు, మూడేళ్లపాటు కర్మాగారానికి యంత్రాలు సరఫరా చేసే హక్కు. రెండవది స్థలం మీదనో, రేవు మీదనో నిర్ణీత కాలానికి లభించిన వినియోగపు హక్కు. మూడవది పేరు. మొదటి రెండింటికీ గడువు ఉన్నది. మూడవదానికి గడువు లేదు, హామీ కూడా లేదు. ఒకే ఒక ప్రమాదంతో అది మాసిపోగలదు. ఇండ్ ఏ.ఎస్. 103 ఒప్పందాలనూ హక్కులనూ వేరుచేసి చూపుమని కోరుతున్నది. ఇది మెచ్చదగిన విషయమే. అయినా వేరుచేసే పని, ధర కట్టే పని కొన్నవారి అంచనాలకే విడిచిపెట్టడం వలన శేషం ఎప్పుడూ అస్పష్టంగానే మిగులుతున్నది.

గంగవరం ఉదాహరణ

విశాఖ చెంతనే, 2009లో ప్రారంభమైన గంగవరం రేవు వ్యవహారం ఈ విషయాన్ని విశదం చేస్తుంది. 2021లో అదానీ పోర్ట్స్ సంస్థ ఆ రేవును చేజిక్కించుకొన్నప్పుడు షేరు ఒక్కింటికి ప్రకటించిన ధర 120 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం తనకు గల 10.4 శాతం వాటాను సుమారు 645 కోట్ల రూపాయలకు అమ్మివేసినది. ఈ లెక్కన మొత్తం రేవు విలువ దాదాపు 6,200 కోట్లు. ఈ ధరలో ఏమేమి ఉన్నాయి? బెర్తులు, యంత్రాలు, సుమారు 1,800 ఎకరాల భూమి, పెద్ద ఓడలు రాగల లోతు ఉన్నాయి. ప్రక్కనే ఉక్కు కర్మాగారం ఉండడం వలన నిత్యం వచ్చే సరుకు ఉన్నది. అన్నింటికంటె ముఖ్యంగా, 2059 వరకు రేవును నడుపుకొనే హక్కు ఉన్నది.

ఇట్టి కొనుగోళ్లకు వర్తించే నియమం విమర్శకు నిలబడవలసి ఉన్నది. ఇండ్ ఏ.ఎస్. ప్రకారం గడువు గల హక్కును ఏటా కొంత చొప్పున ఖర్చు వ్రాయవలెను. గుడ్‌విల్‌ను మాత్రం ఏటా తగ్గించనక్కరలేదు. ఏడాదికొకసారి విలువ పడిపోయిందా అని పరీక్షిస్తే చాలును. గడువు గల హక్కుకు ఎంత తక్కువ కట్టి, గుడ్‌విల్‌కు ఎంత ఎక్కువ మిగిలిస్తే ఏటేటా లాభం అంత నిండుగా కనిపిస్తుంది. వెనుకటి ఏ.ఎస్. 14 విలీనాలలో ఏర్పడిన గుడ్‌విల్‌ను సాధారణంగా ఐదేళ్లకు మించకుండా రద్దు చేయుమన్నది. అందులో కొంత మొరటుదనం ఉన్నా జాగ్రత్త ఎక్కువ. అంతర్జాతీయ గణక ప్రమాణాల మండలి 2022లో ఈ విషయాన్ని తిరిగి చర్చించి, పరీక్షా పద్ధతినే కొనసాగించ నిశ్చయించినది. కాని కాలపరిమితి గల హక్కు మీద నిలిచిన వ్యాపారంలో, ఆ హక్కుతో ముడిపడిన పేరుకు మాత్రం కాలపరిమితి లేనట్లు వ్రాయడం సమంజసంగా తోచదు. గోడ కూలిన నాడు గోడ మీది సున్నం నిలిచి ఉండదు గదా!

మరొక సంగతి కూడా విస్మరించరాదు. ఆ రేవు నిర్మాణం వలన గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తరతరాలుగా వాడుకొన్న తీరాన్ని కోల్పోయారు. తీరం మీద వారికి ఉండిన ఉపయోగం ఏ పద్దులోనూ అదృశ్య ఆస్తిగా ఎక్కలేదు. కొనుగోలు జరిగితేనే హక్కుకు విలువ అనే సూత్రం కొనగల శక్తి ఉన్నవారికే అనుకూలిస్తుంది.

ఫిఖ్హ్ ధర్మవేత్తల దృష్టి

హనఫీ ధర్మవేత్తలు మాల్ అనగా మనిషి మనసు మొగ్గేదీ, అవసరానికి దాచుకోదగినదీ అని నిర్వచించారు. దాచిపెట్టడానికి వీలులేని ఉపయోగం, వారి దృష్టిలో, తనంతట తానుగా మాల్ కాదు. ఇజారా ఒప్పందం జరిగినప్పుడు దానికి విలువ ఏర్పడుతుంది. తక్కిన మూడు మజ్‌హబ్‌ల ధర్మవేత్తలు ఉపయోగాన్ని కూడా మాల్‌గానే పరిగణించారు. షుఫా వంటి వట్టి హక్కును సొమ్ముకు అమ్మడాన్ని హనఫీలు అంగీకరించలేదు. అయినా 19వ శతాబ్దపు డమాస్కస్ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్ (రహ్మలై), పదవులను సొమ్ము తీసుకొని వదులుకొనడం, దుకాణాలపై 'ఖులూ' హక్కు వంటి విషయాలను చర్చిస్తూ, ప్రజలలో స్థిరపడిన ఆచారానికి తగిన స్థానం ఇచ్చారు.

ఆధునిక కాలంలో ఇస్లామీయ దేశాల సంస్థకు అనుబంధంగా జిద్దాలో ఉన్న అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1988లో రెండు ముఖ్య తీర్మానాలు చేసింది. మొదటిది ఫిబ్రవరిలో జిద్దాలో జరిగిన సమావేశంలో 'బదలె ఖులూ' గురించి, అంటే మన ప్రాంతంలో పగిడీ అని పిలిచే సొమ్మును గురించి చేసినది. యజమాని అద్దెతో పాటు మొదట ఒక మొత్తం తీసుకొంటే అది అద్దెలో భాగమే. గడువు మిగిలి ఉండగా అద్దెదారు తన మిగిలిన హక్కును వదులుకొంటూ ప్రతిఫలం పొందవచ్చు. గడువు ముగిసిన తరువాత మాత్రం అతనికి ఏ ప్రతిఫలమూ చెల్లదు. వస్తువు మీద యజమాని హక్కే పైచేయి. రెండవ తీర్మానం డిసెంబరులో కువైట్ సమావేశంలో చేసినది. వాణిజ్య నామం, వ్యాపార చిహ్నం, రచనా హక్కు, నూతన కల్పనల హక్కు – ఇవి వాటి సొంతదారులకు చెందిన హక్కులనీ, వాటికి ఆర్థిక విలువ ఏర్పడినదనీ, మోసం, అనిశ్చితి లేనిచో వాటిని మార్పిడి చేసుకోవచ్చుననీ అందులో పేర్కొన్నారు. వాణిజ్య నామం చేతులు మారినప్పుడు ఆ సంగతి ప్రజలకు తెలియజేయవలెననీ, లేనిచో గిరాకీదారులు మోసపోతారనీ ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ హెచ్చరించారు.

ఈ రెండు తీర్మానాలను కలిపి చూస్తే గణక శాస్త్రం తడబడిన చోట ఒక స్పష్టమైన విభజన లభిస్తుంది. గడువు గల హక్కుకు గడువు ఉన్నంతవరకే విలువ. పేరుకు విలువ ఉన్నది గాని, దానిని నిజాయితీతో వెల్లడించినప్పుడే ఆ విలువ ధర్మసమ్మతం. ఇక 'రేపు లాభాలు పెరుగుతాయి' అన్న వట్టి ఆశకు విలువ కట్టి అమ్మడం గరర్ దోషానికి దగ్గర. తన పేరును తానే వెలకట్టి పద్దులో ఆస్తిగా చూపుకొనరాదన్న గణక నియమం ఈ విధంగా షరీఅత్ స్ఫూర్తికి అనుకూలమైనదే. లోకానికి చూపే పట్టీలో ఆ జాగ్రత్త అవసరం. కాని పట్టీలో వ్రాయలేదు గనుక వస్తువే లేదనడం వేరు.

వారసుల హక్కు

అసలు బాధ ఇక్కడ ఉన్నది. ముగ్గురు అన్నదమ్ములు భాగస్వాములుగా నడిపే క్రేన్లు, లారీల సంస్థను ఉదాహరణగా ఊహించవచ్చు. వారిలో ఒకరు మరణిస్తారు. మిగిలిన ఇద్దరు గణకుని పట్టీ తెచ్చి, అందులోని మూలధనం వాటాను వదినగారి ముందు ఉంచి, "లెక్క ప్రకారం ఇంతే, వదినా" అంటారు. ఆ పట్టీలో రెండు లోపాలున్నాయి. మొదటిది యంత్రాల విలువ. అద్దెకు నడిపే లారీలపై ఆదాయపు పన్ను నియమాలు ఏటా 30 శాతం తరుగుదలను అనుమతిస్తాయి. ఆ లెక్కను అనుసరించిన పట్టీలో 20 లక్షలకు కొన్న లారీ ఐదేళ్లకు 3 లక్షల 36 వేలకు దిగిపోతుంది. బజారులో దాని ధర అంతకంటె చాలా ఎక్కువ ఉండవచ్చు. రెండవ లోపం, సంస్థ పేరుకు సున్నా.

1970లో బొంబాయికి చెందిన ఒక భాగస్వామ్య సంస్థ వ్యవహారంలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చివేసింది. ఒప్పందంలో భిన్నంగా లేనప్పుడు, గుడ్‌విల్ సంస్థ ఆస్తియేననీ, మరణించిన భాగస్వామి వారసులకు అందులో వాటా ఉన్నదనీ తీర్పు చెప్పింది. ముస్లిం సంస్థలకు ఇది కేవలం దేశ చట్టం కాదు. మృతుడు వదిలిన దానిలో కొద్దిదైనా అధికమైనదైనా స్త్రీ పురుషులకు వాటా ఉన్నదని దివ్య ఖుర్ఆన్ నిసా అధ్యాయం నిర్ణయించినది. పద్దులో వ్రాయని ఆస్తికి అందులో మినహాయింపు లేదు.

మరి కొలవడం ఎట్లా? వాణిజ్య గ్రంథాలలోని అధిక లాభాల పద్ధతిని కొన్ని సవరణలతో వాడుకోవచ్చు. పై సంస్థ ఆస్తుల నేటి విలువ 60 లక్షలనీ, సగటు వార్షిక లాభం 15 లక్షలనీ అనుకొందాము. కొన్ని లెక్కలలో సాధారణ లాభాన్ని వడ్డీ రేటు ఆధారంగా తీసుకొంటారు. షరీఅత్ హరాం చేసిన వడ్డీని న్యాయానికి కొలబద్దగా పెట్టుకోవడం ఎంత విడ్డూరం! అదే వృత్తిలోని తోటి సంస్థలు ఆర్జించే సగటును తీసుకోవాలి. అది 12 శాతమైతే 7 లక్షల 20 వేలు. ఇక రెండవ సవరణ, బ్రతికి ఉన్న సోదరులు ఎండలో యంత్రాల వెంట తిరిగి చేసిన శ్రమకు తగిన వేతనం మినహాయించాలి. అది ఏడాదికి 5 లక్షలైతే మిగిలే అధిక లాభం 2 లక్షల 80 వేలు. మూడేళ్ల కొనుగోలు లెక్కన గుడ్‌విల్ 8 లక్షల 40 వేలు. మృతుని మూడవ వంతు 2 లక్షల 80 వేలు. అప్పులు, వసీయతు తీరిన తరువాత అతనికి భార్య, ఒక కొడుకు, ఒక కుమార్తె మాత్రమే వారసులైతే, ఇందులో భార్యకు ఎనిమిదవ వంతు 35 వేలు, కొడుక్కు సుమారు 1 లక్షా 63 వేలు, కుమార్తెకు సుమారు 82 వేలు చెందుతాయి.

శ్రమను మినహాయించకుండా లెక్కించినట్లయితే మృతుని వాటా 7 లక్షల 80 వేలు అయ్యేది. అప్పుడు అన్యాయం సోదరులకు జరిగేది. పట్టీని మాత్రమే నమ్మితే ఆ వాటా సున్నా అయ్యేది. అప్పుడు అన్యాయం వితంతువుకూ, అనాథలకూ జరిగేది. అంకెలు ఉదాహరణకే గాని, ఈ రెండు అన్యాయాల నడుమ సత్యం ఉన్నదని చెప్పడానికి ఇవి చాలును.

మరొక మెలకువ. లెక్క తేల్చకుండానే వ్యాపారం సాగించినప్పుడు, భాగస్వామ్య చట్టం 37వ సెక్షన్ వారసులకు రెండు మార్గాలు చూపినది. ఒకటి, వారి వాటా వలన వచ్చిన లాభంలో భాగం. మరొకటి, ఏటా 6 శాతం వడ్డీ. ఎంపిక వారసులదే. ముస్లిం కుటుంబం లాభంలో భాగాన్ని కోరవలెనే గాని వడ్డీని ఆశ్రయించనక్కరలేదు. చట్టమే హలాల్ ద్వారాన్ని తెరచి ఉంచగా, తెలియక మరొక ద్వారం గుండా పోవడం విచారకరం.

ఒక ఆక్షేపణ, సమాధానం

"కొలవలేనిదాన్ని కొలవడమే గరర్ కదా? గుడ్‌విల్‌ను పూర్తిగా వదిలివేయడమే క్షేమం కాదా?" అని కొందరు ధర్మభీరువులు అడుగవచ్చు. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని గరర్ నిషేధం ఒకరి సొమ్ము మరొకరు అన్యాయంగా తినకుండా కాపాడడానికే ఉన్నది. అనిశ్చితి పేరిట బలవంతుడైన భాగస్వామి మొత్తం మిగుల్చుకొన్నట్లయితే నిషేధం ఉద్దేశమే తలక్రిందులవుతుంది. తూనికలో తగ్గించేవారిని గురించి ముతఫ్ఫిఫీన్ అధ్యాయం చేసిన హెచ్చరిక త్రాసు పట్టినవారికి మాత్రమే పరిమితం కాదు, పద్దు వ్రాసేవారికీ వర్తిస్తుంది. అన్ని పక్షాలు కూర్చుని, వృత్తి తెలిసిన నమ్మకస్తుని చేత విలువ కట్టించి, పరస్పర అంగీకారంతో సులహ్ చేసుకొనడం అనిశ్చితిని తొలగించే మార్గం.

జకాత్ విషయంలోనూ అపోహ వద్దు. అద్దెకిచ్చే యంత్రాలు అమ్మకపు సరుకు కావు గనుక వాటి అసలు విలువ మీద జకాత్ లేదు. 1985లో ఫిఖ్హ్ అకాడమీ అద్దె స్థిరాస్తుల గురించి చేసిన తీర్మానం కూడా రాబడి మీదనే, ఏడాది గడిచిన తరువాత, రెండున్నర శాతం జకాత్‌ను పేర్కొన్నది. సంస్థలో ఉన్న పేరు మీద కూడా జకాత్ లేదు. అది అమ్ముడుపోయి సొమ్ముగా మారినప్పుడు ఆ సొమ్ము తక్కిన ధనంతో కలిసి లెక్కకు వస్తుంది.

చేయవలసినది

వాయిదా గల అప్పును వ్రాసిపెట్టుకొండని దివ్య ఖుర్ఆన్ బఖరా అధ్యాయంలో ఆదేశించినది. వ్రాతపూర్వకమైన స్పష్టత వలన కలహాలు తగ్గుతాయన్న ఆ బోధన భాగస్వామ్యాలకు మరింత వర్తిస్తుంది. సోదరుల నడుమ "మన మధ్య వ్రాతలేమిటి" అన్న మొగమాటం బ్రతికి ఉన్నంతవరకే చెల్లుతుంది. ఒకరు వెళ్లిపోయిన నాడు ఆ మొగమాటం వితంతువు నోరు కట్టివేస్తుంది. కాబట్టి భాగస్వామ్య పత్రంలోనే కొన్ని అంశాలు చేరాలి. విడిపోయిన నాడు యంత్రాలకు బజారు విలువ కట్టాలి. గడువు గల ఒప్పందాలను మిగిలిన కాలం మేరకే లెక్కించాలి. పేరుకు తోటి సంస్థల సగటుతో పోల్చి విలువ కట్టాలి. పనిచేసే భాగస్వాముల వేతనాన్ని ముందే నిర్ణయించుకోవాలి.

గణకుని పట్టీకి ఉన్న పరిధిని గుర్తించడం ఆ శాస్త్రాన్ని అవమానించడం కాదు. పట్టీ లోకానికి జాగ్రత్తగా మాట్లాడుతుంది, అలాగే మాట్లాడాలి కూడా. భాగస్వామి అమానతు మాత్రం పట్టీతో తీరదు. మరణించిన సోదరుడు ఎండలో నిలబడి సంపాదించిన మంచిపేరుతోనే ఆ సంస్థకు నేడు పిలుపు వస్తున్నప్పుడు, ఆ పిలుపులో అతని బిడ్డలకు పాలు ఉన్నది. అది పద్దులో లేకపోయినా ప్రళయదినాన అడగబడే లెక్కలో ఉంటుంది.

వాస్తవం అల్లాహ్‌కే బాగా తెలుసు.